సంతకం ఉన్న వైపు

షెఫీల్డులో వేలంపాట హాలు వెనక
హీటరు పనిచేయని గదిలో నా బల్ల.
గురువారం పదకొండు దాటాక
ఒలరెన్‌షా గారు బిస్కెట్ డబ్బా తెచ్చి పెట్టింది.
మూత రాలేదు. "నువ్వు తియ్యమ్మా" అంది.

లోపల పాత మేజోడులో చుట్టి
అరచేతంత ఇనుము.
కత్తికీ పిడికీ నడుమ నిలిచే బిళ్ళ,
జపాను వాళ్ళు సుబా అంటారు.
ఓ పక్క రెల్లుదుబ్బు, పైన సగం చంద్రుడు.
చంద్రుడిలో పొదిగిన బంగారం ఎప్పుడో ఊడి
గుంట మిగిలింది.

మధ్యలో కత్తి తోక దూరే సన్నటి కంత.
సంతకం దాని పక్కనే ఉంటుంది.
కత్తి బిగించి ఉన్నంతకాలం
రాగి రేకు కింద ఎవరికీ కనపడదు,
నడుముకి కట్టుకున్నవాడికి కూడా.
పేరు చెక్కి, ఆ పేరు మీద మూతపడుతుందని తెలిసీ
ఇంటికెళ్ళి అన్నం తిన్న మనిషి.
అతణ్ణి వెతకడం నా ఉద్యోగం.

దీపం పక్కకి వంచాను.
నెత్తి మీంచి పడే వెలుగు అబద్ధమాడుతుంది,
పక్కనుంచి వచ్చేదే గీతని నిద్రలేపుతుంది.
నేను పలక మీద దిద్దినవి గుండ్రటి అక్షరాలు,
తిన్నగా లాగితే తాటాకు చిరుగుతుందని
ఒదిగి ఒదిగి సుడి తిరిగినవి.
ఇనుముకి ఆ భయం లేదు.
అడ్డం, నిలువు, మళ్ళీ అడ్డం,
గీతకో సుత్తిదెబ్బ.
తలకట్టు లేదు, కొమ్ము లేదు,
పట్టుకు వేలాడదామంటే ఒక్క దీర్ఘమైనా లేదు.

మొదటి అక్షరం మసా.
అది మనకి వెంకట లాంటిది,
ఆ తర్వాత ఏముందో తెలిస్తే గాని
మనిషి తెలియడు.

ఆ తర్వాతి అక్షరం మీద ఎవడో
కత్తి వదులైందని కంత అంచున పోట్లు పొడిచి బిగించాడు.
మూడే పోట్లు. పేరు మింగేశాయి.
కింద "చేసెను" అన్నది మాత్రం చెక్కుచెదరలేదు.
చేసెను. ఎవరు?

పుస్తకాలు దించాను. మసాలు వందకి పైనే.
ఒకాయన రెల్లు ఇలాగే వంగుతుంది,
కానీ ఆయన గీతలకి ఉలి లేపిన అంచు ఒక పక్క,
దీనికి రెండో పక్క.
పెన్సిలుతో రాసుకున్నాను: దొంగ సంతకం కావచ్చు.
పెద్ద పేరు కొట్టి పెద్ద ధర కొట్టేసేవాళ్ళు
ఏ దేశంలో లేరు?

ఆమె కోటు కూడా విప్పలేదు.
భూతద్దం ఇవ్వబోతే వద్దంది.
బొటనవేలి గోరు గీతల మీద అటూ ఇటూ నడిపింది.
"మా నాన్న ఆకురాళ్ళకి గాట్లు పెట్టేవాడు.
సీసం దిమ్మ మీద, వంగి, రోజంతా.
ఎడమచేతివాడు. మేస్త్రీ తిట్టి తిట్టి వదిలేశాడు.
నాన్న చేసింది చీకట్లో తడిమి చెప్పేదాన్ని,
గోరుకి ఎదురు పక్కన తగిలేది."
గోరు ఆగింది.
"ఇదిగో, ఇక్కడా."

ఈ బిళ్ళ మీ ఇంటికెలా వచ్చిందని అడిగాను.
సంతలో రెండు షిల్లింగులకి కొన్నాడట.
ఎందుకని వాళ్ళమ్మ వారం రోజులు సాధించిందట.
చెప్పలేదట.

ఎడమచేత్తో దొంగ సంతకం పెట్టకూడదని ఎక్కడా లేదు.
కానీ దొంగ ముందు తన చేతినే దాచుకుంటాడు కదా,
అసలువాడి వాలుని కూడా దొంగిలిస్తాడు కదా.
శిష్యుడేమో. కొడుకేమో.
లేదా ఏ పుస్తకంలోకీ ఎక్కని ఇంకో మసా.

రబ్బరుతో తుడిచాను. కాగితం కొంచెం లేచింది.
ఆమె బిళ్ళని మేజోడులో దోపి
అమ్మేదీ లేనిదీ వచ్చే వారం చెబుతానంది,
బస్సు వేళయిందని లేచింది.

ఫారం పూర్తి చేశాను.
ఇనుము. రెల్లు, చంద్రుడు. సంతకం: మసా, ఆపై చెరిగింది.
ఏ చేతివాడో రాయడానికి అందులో గడి లేదు.
అంచున రాశాను.